శనివారం అరగంట రేడియో: హైస్కూలు పిల్లలు వినాలంటే ఏం చేయాలి?

కొత్తమైకు | మంగళవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది గోదావరి వైపు ఒక డిగ్రీ కాలేజీ. క్యాంపస్‌లో కమ్యూనిటీ రేడియో ఉంది, అంటే చుట్టుపక్కల ఊళ్ల కోసం నడిపే చిన్న ఎఫ్ఎం స్టేషన్, 90.4. ఇన్నాళ్లూ అందులో వ్యవసాయం, ఆరోగ్యం మీద ప్రసంగాలు, మిగతా టైములో పాత రికార్డింగులు తిరిగేవి. ఈ ఏడాది మా నలుగురు సెకండియర్ వాళ్లకి శనివారం సాయంత్రం 5:30కి అరగంట ఇచ్చారు. "చుట్టుపక్కల హైస్కూలు పిల్లల కోసం ఏదైనా చేయండి" అన్నారు, అంతే. ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

ఒక నమూనా ఎపిసోడ్ తయారు చేశాం. మా లెక్చరర్ గారి సందేశం, ఒక సినిమా పాట, "విద్యార్థుల్లో ఒత్తిడి" మీద నా ప్రసంగం, చివర్లో క్విజ్. తొమ్మిది చదువుతున్న మా తమ్ముడికి వినిపించా. నాలుగో నిమిషంలో ఇయర్‌ఫోన్స్ తీసేసి "అక్కా, ఇది మా స్కూలు యానివర్సరీలా ఉంది" అన్నాడు. వాడికి యానివర్సరీ అంటే ఎండలో కూర్చోబెట్టడం. అర్థమైంది కదా.

ప్రసారం ఇంకో పద్దెనిమిది రోజుల్లో. పిల్లలు వినేలా ఎలా చేయాలి? విన్నా వినకపోయినా, ఇలాంటిది ఒకటి వస్తోందని వాళ్లకి ఎలా తెలియాలి? డబ్బులు లేవు. ఆడియో లింకు కింద పెట్టాను, మొహమాటం లేకుండా చెప్పండి.

తాటిముంజ | మంగళవారం, రాత్రి 11:05

మీ తమ్ముణ్ణి ప్రోగ్రాం ప్రొడ్యూసర్‌గా పెట్టుకో. పని అయిపోయింది.

సౌండుబాబాయ్ | బుధవారం, ఉదయం 6:15

మొత్తం విన్నానమ్మా. నేను రిటైరై ఇంట్లో ఉన్నాను కాబట్టి మొత్తం విన్నాను. నీ శ్రోతకి హోంవర్కు ఉంటుంది.

మొదటి మాట వినపడటానికి ఒక నిమిషం యాభై సెకన్లు పట్టింది. ట్యూను, తర్వాత కాలేజీ పేరు, తర్వాత మీ నలుగురి పేర్లు, తర్వాత సుస్వాగతం, మళ్లీ ట్యూను. ఆకాశవాణి పొద్దున్నే వేసే ట్యూను 1936లో వాల్టర్ కాఫ్‌మన్ కట్టాడంటారు. అది అంతసేపు మోగినా ఎందుకు చెల్లిందంటే, అప్పుడు వేరే స్టేషన్లు పెద్దగా లేవు. నీది ఎనిమిది సెకన్లు దాటకూడదు. వెంటనే ఒక పిల్ల గొంతు వినిపించాలి. అది కూడా మధ్యలోంచి, "అప్పుడు పాము మా బెంచీ కిందకి వచ్చింది" లాంటి మాటతో. ఎవరు, ఎక్కడ అన్నది తర్వాత చెప్పుకోవచ్చు.

ఇక శబ్దం. ఫ్యాన్ తిరుగుతోంది. ఆపండి. చెమట పడితే పట్టనీ. గది గోడలు ఉత్తివిగా ఉన్నట్టున్నాయి, బావిలోంచి మాట్లాడినట్టుంది. హాస్టల్లో పరుపులు రెండు తెచ్చి వెనకాల నిలబెట్టండి. అదీ లేకపోతే బీరువా తలుపులు తెరిచి, బట్టల వైపు తిరిగి మాట్లాడండి. నవ్వకు, పెద్ద పెద్ద వాళ్లే అలా చేశారు. మైకు నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకి. నువ్వు "ప్రియమైన", "భవిష్యత్తు", "ఫలితాలు" అన్నప్పుడల్లా నా స్పీకరు దడదడలాడింది. ప, ఫ, బ, భ వచ్చినప్పుడు గాలి తిన్నగా మైకులోకి కొడుతుంది. మన భాషలో ఈ అక్షరాలకి కొదవ లేదు.

రికార్డింగు మొదలుపెట్టే ముందు ఎవరూ కదలకుండా అర నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి పెట్టుకో. ఎడిటింగులో ఒక ముక్క కోసినచోట ఆ నిశ్శబ్దం అతికించాలి. లేకపోతే కోత తెలిసిపోతుంది. ఎడిటింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం.

నీ గొంతు బాగుంది. కానీ నువ్వు చదువుతున్నావు, మాట్లాడటం లేదు.

రీల్స్‌రాజు | బుధవారం, ఉదయం 9:30

ఒక సందేహం. ఈ కాలంలో పదమూడేళ్ల పిల్లలు శనివారం సాయంత్రం రేడియో పెట్టుకుని కూర్చుంటారా? స్పాటిఫైలో, యూట్యూబ్‌లో పెట్టండి. నిమిషం ముక్కలు రీల్స్ చేయండి. రేడియోలో వేయడం సర్టిఫికెట్ కోసం.

టెన్త్‌బి_టీచర్ | బుధవారం, సాయంత్రం 7:50

రాజు గారూ, మీరు చెప్పే పిల్లలు ఊళ్లో కొందరున్నారు. నేను రోజూ చూసే పిల్లలు వేరు. మా సెక్షన్‌లో సగం మందికి ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది నాన్నతో పాటు పనికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తుంది. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఉండేవాళ్ల దగ్గర అసలు ఫోనే ఉండదు, ఉండనివ్వరు. వాళ్లకి రీల్ ఎలా చేరుతుంది? కొత్తమైకూ, నీకు వచ్చింది పాతబడిన సాధనం అనుకుంటున్నావేమో. ఆ పిల్లల దగ్గరికి నేరుగా వెళ్లగలిగేది అదొక్కటే. అయిదారు వందల రూపాయల చిన్న రేడియో సెట్టు ఒకటి వార్డెన్ గారి గదిలో పెడితే అరవై మంది వింటారు.

ఇంకో సంగతి. "ఫోన్లో ఎఫ్ఎం ఉంది కదా" అని ధైర్యపడకు. చాలా కొత్త ఫోన్లలో ఎఫ్ఎం తీసేశారు. ఉన్నవాటిలో కూడా వైరున్న ఇయర్‌ఫోన్స్ గుచ్చితేనే మోగుతుంది, ఆ వైరే యాంటెన్నా. ఇప్పుడు పిల్లల దగ్గర ఉన్నవి వైరు లేనివి. పోస్టరు మీద ఈ ముక్క రాయకపోతే, మీ స్టేషన్ రావడం లేదని నిర్ణయించేసుకుంటారు.

టైము కూడా ఆలోచించు. శనివారం 5:30కి టెన్త్ వాళ్లు స్టడీ అవర్‌లో ఉంటారు, మిగతావాళ్లు ట్యూషన్లో ఉంటారు. ఆదివారం పొద్దున అయితే క్రికెట్టు. హాస్టళ్లలో మాత్రం రాత్రి భోజనాలయ్యాక ఒక అరగంట దొరుకుతుంది.

కొత్తమైకు | బుధవారం, రాత్రి 9:15

టీచర్ గారూ, హాస్టళ్ల సంగతి మాకు తట్టనే లేదు. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఒక బాలికల హాస్టల్ ఉంది. రేపు వెళ్తాం. టైము మార్చమని స్టేషన్‌లో అడిగితే "ఆదివారం రాత్రి 8 గంటలకి పునఃప్రసారం ఇస్తాం, శనివారం మార్చం" అన్నారు. అదైనా దక్కింది.

మంజీరగట్టు | గురువారం, మధ్యాహ్నం 1:20

మాది జహీరాబాద్ దగ్గర. మా పక్కనే మాచ్‌నూర్‌లో సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబర్ 15న మొదలైంది, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లది. నడిపేది దళిత మహిళా రైతులు. వాళ్లు స్టూడియోలో కూర్చుని ఊరివాళ్లని పిలిపించుకోరు, రికార్డర్ పట్టుకుని చేనుకాడికి పోతారు. కలుపు తీస్తూ పాడే పాట కలుపు తీసేకాడనే రికార్డవుతది. మా అమ్మమ్మ అది వింటూ "ఇది మన ఎల్లమ్మ గొంతు లెక్కుందే" అని సెట్టు దగ్గరికి జరిగేది.

మీ నమూనా విన్నా, తప్పనుకోవద్దు చెల్లె. మీరు నలుగురూ ప్రైవేటు ఎఫ్ఎం ఆర్జేల లెక్క మాట్లాడుతున్నరు. "హాయ్ హాయ్ హాయ్ ఫ్రెండ్స్" అని. గోదావరి యాస ఏమైంది? మీ ఇంట్లో అట్లనే మాట్లాడుతరా?

కొత్తమైకు | గురువారం, మధ్యాహ్నం 2:02

లేదన్నా 😅 ఇంట్లో "ఏంట్రా, ఏం జేస్తన్నావ్" అంటాం. మైకు ముందుకి రాగానే ఏదో అయిపోతోంది.

పాతట్రాన్సిస్టర్ | గురువారం, రాత్రి 8:45

రేడియో అన్నయ్య, అక్కయ్యల బాలానందం అనే పిల్లల కార్యక్రమం విని పెరిగినవాణ్ణి, నేనూ ఒక మాట చెప్పనా. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. మద్రాసులో మొదలుపెట్టి తర్వాత హైదరాబాదు వచ్చారు. వరంగల్లులో మా వీధిలో ఒకటే సెట్టు ఉండేది, దాని చుట్టూ పదిహేను మందిమి. పెద్దవాళ్లు మాట్లాడినవి ఒక్కటీ గుర్తులేవు. ఎవరో పిల్లాడు పద్యం మధ్యలో మరిచిపోయి, మళ్లీ అందుకున్నాడు చూడండి, అది గుర్తుంది. మాకంటే గొప్పవాడేం కాదని అప్పుడు తెలిసింది! తర్వాత 1969లో ఢిల్లీలో యువవాణి వచ్చింది, అది మీ వయసు వాళ్లకోసం. అప్పటికి నాకు మీసాలు రాలేదు, అయినా దొంగతనంగా విన్నాను.

మా రోజుల్లో ప్రచారమంటే పోస్టుకార్డే. తన పేరు రేడియోలో చదువుతారని తెలిస్తే పిల్లాడు ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు. కార్డు ఇప్పటికీ యాభై పైసలే. ఫోన్లు లేని హాస్టల్ పిల్లలు మీకు మాట చేరవేయాలంటే అదొక దారి.

రీల్స్‌రాజు | గురువారం, రాత్రి 9:10

సరే, హాస్టళ్ల విషయంలో నేను ఓడిపోయాను. కానీ ఒకటి వినండి. ఇళ్లలో ఉండే పిల్లల వరకు ఫోను అమ్మది. అంటే మీ ప్రచారం పిల్లలకి కాదు, అమ్మలకి. వాళ్లు రీల్స్ కంటే వాట్సాప్ స్టేటస్‌లు ఎక్కువ చూస్తారు. ఎపిసోడ్‌లో మాట్లాడిన పిల్లాడి ఇరవై సెకన్ల ఆడియో తీసి, కింద అక్షరాలు కదిలేలా చిన్న వీడియో చేసి ఆ తల్లికి పంపండి. స్టేటస్ పెట్టమని అడగక్కర్లేదు, పెట్టకుండా ఉండలేదు. పోస్టరు, వీడియో మూస నేను చేసిస్తాను, డబ్బులొద్దు.

డాలస్_గడపదాటి | శుక్రవారం, ఉదయం 4:30

ఇక్కడ మా యూనివర్సిటీ స్టేషన్లో కొత్తగా చేరినవాళ్లకి రాత్రి రెండింటి స్లాటు ఇచ్చేవారు. ఎవరూ వినరని తెలిసి హాయిగా తప్పులు చేసేవాళ్లం. నీకు మొదటివారమే సాయంత్రం 5:30 ఇచ్చారు, అదృష్టమో దురదృష్టమో! రెండు డమ్మీ ఎపిసోడ్లు టైము పెట్టుకుని, ఆపకుండా, ప్రసారమే అనుకుని చేయండి.

స్టేషన్‌డ్యూటీ | శుక్రవారం, ఉదయం 11:00

వేరే జిల్లాలో ఒక కమ్యూనిటీ స్టేషన్లో పనిచేస్తున్నాను. ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నా ఉద్దేశం కాదు కానీ, ఎవరూ ఎత్తని సంగతులు కొన్నున్నాయి.

సినిమా పాట. "ముప్పై సెకన్లే కదా" అంటే కుదరదు, అలాంటి మినహాయింపు ఏమీ లేదు. మీ స్టేషన్‌కి పాటల లైసెన్సు ఉందో లేదో ముందు అడగండి. రేడియోలో ఉన్నా, అదే ఎపిసోడ్ యూట్యూబ్‌లో పెడితే అక్కడ మళ్లీ కాపీరైట్ తగాదా. పాట లేకుండా చేస్తే రెండు చోట్లా గొడవ ఉండదు. గొబ్బి పాటలు, పడవ పాటలు, వేమన పద్యాలు, పిల్లలు ఆడుకుంటూ పాడేవి బోలెడున్నాయి.

వార్తలు. కమ్యూనిటీ రేడియోలో సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ని మార్చకుండా తిరిగి వేసుకోవచ్చు, అంతే. నీ నమూనాలో "ఈ వారం విశేషాలు" అని ఎమ్మెల్యే గారి ప్రారంభోత్సవం చదివావు. తీసెయ్. స్కూల్లో సైన్స్ ఫెయిర్ గురించి పిల్లలు ముచ్చట చెప్పుకుంటే అది వేరు.

పిల్లల గొంతు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లెవరు మాట్లాడినా తల్లిదండ్రుల సంతకం తీసుకోండి, హాస్టల్ అయితే వార్డెన్ అనుమతి కూడా. ఇంటిపేరు, ఊళ్లో వీధి చెప్పించకండి. ఎవరైనా ఇంట్లో కొట్టారని, తాగుతారని చెబితే అది ప్రసారం చేసే ముక్క కాదు. మైకు ఆపి టీచరుకి చెప్పాల్సిన విషయం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

ప్రసారమైన ప్రతి ఎపిసోడూ మూడు నెలలు దాచి ఉంచాలి. ఆ పని స్టేషన్‌దే అయినా మీరూ ఒక కాపీ పెట్టుకోండి.

ఇక పరిధి. కమ్యూనిటీ స్టేషన్‌కి మామూలుగా 100 వాట్ల ప్రసార శక్తి, 30 మీటర్ల టవరు దాటనివ్వరు. పది, పదిహేను కిలోమీటర్లు దాటితే ఆశ పెట్టుకోవద్దు. ఒకరు బండి నడపండి, వెనక కూర్చున్నవాళ్లు రేడియో పట్టుకోండి. నాలుగు దిక్కులా వెళ్లి, గరగర మొదలైన ఊరి పేరు రాసుకోండి. ఆ ఊరి అవతల పోస్టరు అంటిస్తే తిట్టించుకోవడానికే.

సౌండుబాబాయ్ | శుక్రవారం, ఉదయం 11:40

ఈయన మాట వేదం. రాసి గోడకి అంటించుకో.

కొత్తమైకు | రెండు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 10:20

మొదటి ఎపిసోడ్ అయిపోయింది. ఏడుపొక్కటే తక్కువ.

అన్నీ మీరు చెప్పినట్టే చేశాం. హాస్టల్‌కి మూడుసార్లు వెళ్లాం. ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె వరదప్పుడు వాళ్ల లంకలో మేకల్ని పడవెక్కించిన సంగతి చెప్పింది, అదే మొదట పెట్టాం. లెక్చరర్ గారి సందేశం తీసేశాం (ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేక చీటీలు వేసుకున్నాం, నాకే పడింది). క్విజ్ గెలిచిన అమ్మాయి పేరు చివర్లో.

అరగంటలో మాకు నికరంగా ఇచ్చింది 28 నిమిషాలు. మా ఫైలు 31. ఎవరూ చూసుకోలేదు. స్టేషన్లో కంప్యూటరు టైము కాగానే కోసేసి ఆరోగ్య సూత్రాలు మొదలెట్టింది. గెలిచిన పిల్ల పేరు గాల్లో కలిసిపోయింది. హాస్టల్లో అరవై మందీ ఆ పేరు కోసమే కూర్చున్నారట. ఆదివారం పునఃప్రసారానికి ఫైలు మార్చమంటే సెలవు, తాళం. అప్పుడూ అక్కడే తెగింది. ఈరోజు వెళ్లి ఆ పిల్లకి సారీ చెప్పాను. "పర్లేదక్కా, వచ్చేవారం చదవండి" అంది. టెన్షన్‌తో రెండు రోజులు అన్నం తినలేదు నేను, ఆమె మాత్రం హాయిగా ఉంది.

సౌండుబాబాయ్ | సోమవారం, రాత్రి 10:35

అందరికీ జరుగుతుంది. ఇకమీదట 27 నిమిషాల 30 సెకన్లకి ఆపు. ముఖ్యమైనది చివర పెట్టకు, ఇరవయ్యో నిమిషంలో పెట్టు. చివరి నిమిషంలో కోసినా నష్టం లేని సరుకే ఉండాలి: ఒక పద్యమో, పక్షి అరుపో. ప్రసారానికి ముందురోజు ఫైలు పేరు, నిడివి కాగితం మీద రాసి డ్యూటీలో ఉన్నవాళ్ల చేతికి ఇవ్వు. వాట్సాప్‌లో ఆడియోగా పంపావా కొంపదీసి? నాణ్యత నలిగిపోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపు. మోనో వేవ్ ఫైలు, అంటే కుదించని ఒకే చానెల్ ఆడియో, నిమిషానికి ఐదు ఎంబీ చొప్పున 150 లోపే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లడం ఇంకా మేలు.

తాటిముంజ | సోమవారం, రాత్రి 10:50

మేకల సంగతి మొత్తం ఎక్కడ వినొచ్చు? నాకు కావాలి.

టెన్త్‌బి_టీచర్ | మంగళవారం, ఉదయం 8:10

మా స్కూల్లో అసెంబ్లీలో చెప్పించాను. నేను చెబితే ఒక్కరూ తలెత్తలేదు. హాస్టల్ నుంచి మా దగ్గరికి చదువుకోవడానికి వచ్చే పిల్ల లేచి "మా ఫ్రెండ్ రేడియోలో మాట్లాడింది, మేకల గురించి" అనగానే తొమ్మిదో తరగతి వరుస మొత్తం వెనక్కి తిరిగింది. ఇంటర్వెల్లో అయిదుగురు వచ్చి "మా దగ్గర కూడా కథ ఉంది టీచర్" అన్నారు. ఒకడిది దెయ్యం కథ. ముందే హెచ్చరిస్తున్నాను.

కొత్తమైకు | రెండు నెలల తర్వాత, ఆదివారం, రాత్రి 9:05

చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు కాబట్టి ఎక్కడున్నామో చెబుతున్నాను. ఎనిమిది ఎపిసోడ్లు అయ్యాయి. ఎంతమంది వింటున్నారో లెక్క తెలియదు, తెలుసుకునే మీటరేదీ మా దగ్గర లేదు. ఉత్తరాలు మాత్రం ఎంచగలను: మొదటి నెల మూడు, అందులో ఒకటి మా తమ్ముడిది. రెండో నెల ఇరవై రెండు. పోస్టాఫీసులో నలభై కార్డులు అడిగితే ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు. వాటిని నాలుగు హాస్టళ్లకి పంచాం. రెండు స్కూళ్లలో అట్టపెట్టె డబ్బాలు పెట్టాం. ఒకదాంట్లో చాక్లెట్ కాగితాలు ఎక్కువ వస్తున్నాయి.

పోస్టర్లు రాజు గారు చేసిచ్చారు, బాగున్నాయి. కానీ నిజం చెప్పాలంటే పోస్టరు చూసి వచ్చామన్నవాళ్లు ఇద్దరే. తల్లుల స్టేటస్‌లు చూసి వచ్చినవాళ్లు ఎక్కువ. వచ్చే ఫిబ్రవరి 13 ప్రపంచ రేడియో దినోత్సవానికి పిల్లల్ని స్టూడియోకి తీసుకురావాలని మా ప్లాను, బస్సు సంగతి ఇంకా తేలలేదు.

యాస మార్చుకున్నాం మంజీరగట్టు అన్నా. ఒకరోజు మా వాడు లైవులో "ఒరే ఆగరా బాబూ" అన్నాడు, ఆ వారమే ఎక్కువ ఉత్తరాలు. స్టేషన్ ఇన్‌ఛార్జ్ గారికి నచ్చలేదు. పిలిచి మాట్లాడారు. "ఒరే" తగ్గించమన్నారు, యాస ఉండనివ్వమన్నారు. సగం గెలిచాం.

ఇప్పుడు కొత్త సమస్య. మేకల పిల్ల గుర్తుందా? ఆమె రాసిన కార్డు ఇది: "అక్కా, మీరు అడిగినవి కాకుండా మేము అడగాలనుకున్నవి అడుగుతాం. రికార్డరు మా దగ్గర ఒక వారం ఉంచుతారా? పావురాలు గుడ్లు పొదిగే చోటు మాకు తెలుసు. జాగ్రత్తగా చూసుకుంటాం." రికార్డరు కాలేజీది, ఖరీదు ఎక్కువ, రిజిస్టరులో నా సంతకం ఉంది. ఇవ్వాలా వద్దా?

స్టేషన్‌డ్యూటీ | ఆదివారం, రాత్రి 9:30

కాలేజీ రికార్డరు ఇవ్వకు. పాత ఫోను ఒకటి సిమ్ తీసేసి ఇవ్వు. అయినా హాస్టల్లో ఫోను ఫోనే, అందుకని వార్డెన్ గారి దగ్గర ఉండేలా, సంతకం పెట్టి తీసుకునేలా మాట్లాడు.

రీల్స్‌రాజు | ఆదివారం, రాత్రి 9:41

నా దగ్గర డిస్‌ప్లే పగిలిన ఫోనుంది. మైకు బాగానే పనిచేస్తుంది. కొరియర్ చేస్తాను, అడ్రసు పర్సనల్ మెసేజ్‌లో పెట్టు.

సౌండుబాబాయ్ | ఆదివారం, రాత్రి 9:55

పావురాల దగ్గర గాలి ఎక్కువ ఉంటుంది. ఫోను మైకు మీద పాత సాక్సు ముక్క తొడిగి పంపు, ఉతికిందే.